నీడలో కొలిచిన లాకు

చినమెరక ఐదో లాకు. దినచర్య పుస్తకం. రాసేది లాకు సూపరింటెండెంట్ మంగతాయారు.

నీళ్ళు వదిలాక 1వ రోజు

పై మట్టం: ఐదడుగుల పదంగుళాలు. దాటిన పడవలు: పదకొండు. గేట్లు: మూలుగుతున్నాయి, తిరుగుతున్నాయి.

వ్యాఖ్యలు: ఈ గడిని జలమార్గ మండలిలో ఎవరూ చదవరని తెలిసి నాకు ఏడేళ్ళయింది. ఒక ఏడాది అనుమానం తీర్చుకుందామని గోంగూర రొయ్యలు వండే పద్ధతి మొత్తం ఇక్కడ రాసి పంపాను. ఉప్పెక్కువైందని కూడా ఎవరూ అనలేదు. అప్పటినుంచీ ఇందులో నిజాలే రాసుకుంటున్నాను.

రెండు నెలలుగా కట్టేసిన కాలువకు ఈ ఉదయం నీళ్ళు వచ్చాయి. ముందు నురగ, నురగ వెనక గుర్రపుడెక్క, దాని వెనక ఎవరిదో మూడు కాళ్ళ కుర్చీ. పడవ తొట్టిలోకి రావాలి, పై గేట్లు మూయాలి, తొమ్మిదడుగుల నీళ్ళు దించాలి, కింది గేట్లు తీయాలి. పదకొండు సార్లు అదే చేశాను. తారు రోడ్లన్నీ నీళ్ళ కిందికి పోయాక ఈ కాలువే మాకు రోడ్డు, ఈ తొట్టే మాకు కూడలి.

పడవల మేస్త్రి తాతారావు బాబాయి గోడమీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని నీళ్ళ చప్పుడు విన్నాడు. నాకు సొంత బాబాయి కాదు. ఈత నేర్పినవాడు, అంతకంటే ఎక్కువ. డెబ్బై ఒక్క ఏళ్ళు. కుడి కన్ను మూడేళ్ళ కిందటే పోయింది. ఎడమ కంటికి శుక్లం ముదిరి, వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదు.

"ఈపాలి రెండంగుళాలు తక్కువొదిలేరే తాయారూ," అన్నాడు.

మట్టం పలక చూశాను. రెండంగుళాలే తక్కువ.

మండలి నుంచి కబురు కూడా వచ్చింది. కంటి ఆపరేషన్లు చేసే కళ్ళ పడవ తొమ్మిదో రోజున మా లాకు దాటి దిగువ లంకలకు వెళుతుందట. ఈ ఏడాది మా లంకలే దానికి చివరి మజిలీ. నిరుడు అది నాలుగో లాకు దగ్గరే వెనక్కి తిరిగింది. బాబాయిని అక్కడికి తీసుకెళ్ళి రెండు రోజులు వరసలో నిలబెట్టాను. ఆయనది రెండు వందల పదకొండో నంబరు. నూట నలభై దగ్గర పడవ లంగరెత్తేసింది. ఇంకో ఏడాది ఆగితే ఈ కన్నూ దక్కదని అక్కడి కాంపౌండరు చెప్పాడు. అందుకని ఈ కబురు వినగానే నేను ఎగిరి గంతెయ్యాలి.

వెయ్యలేదు. ఆ పడవ వెడల్పు ఇరవై ఆరడుగులు. మా లాకు తొట్టి వెడల్పు ఇరవై.

2వ రోజు

పై మట్టం: అంతే. పడవలు: పద్నాలుగు.

వ్యాఖ్యలు: ఇరవై అడుగుల లాకులోకి ఇరవై ఆరడుగుల పడవను ఎలా పంపుతున్నారో రాస్తాను. ఇందులో నా పాపం సగం ఉంది.

సన్న పడవ ఊగుతుంది. ఊగే పడవలో కంటికి కత్తి పెట్టలేరు. అందుకని వెడల్పాటి పడవ కట్టారు, అది పట్టడానికి లాకులన్నీ పడగొట్టి వెడల్పు చెయ్యాలని మండలి తీర్మానించింది. మొదటి నాలుగు లాకులకే పన్నెండేళ్ళు పట్టింది. ఈ కాలువ మీద మిగిలింది మాది ఒక్కటే. నిరుడు కాలువ కట్టేసినప్పుడు కొలతలకని హరనాథ్ గారనే సర్వేయర్ వచ్చారు. పిల్లవాడు మంచివాడే. మధ్యాహ్నం పన్నెండున్నరకు వచ్చారు. కాకులు నోళ్ళు తెరుచుకుని కూర్చున్న ఎండ అది.

లాకు ముఖం దగ్గర గోడలు గరాటులా విచ్చుకుని ఉంటాయి, పడవ ముక్కు సులువుగా దూరడానికి. అక్కడ మా కానుగ చెట్టు నీడ పడుతుంది. అసలు తొట్టి ఇంకో పదిహేనడుగులు అవతల, ఎండలో, పెనంలా కాలుతోంది. హరనాథ్ గారు నీడలో నిలబడి టేపు కొస నా చేతికిచ్చారు.

"ఒకటే గోడ కదండీ," అన్నారు.

కాదని నాకు తెలుసు. నోరు తెరిచాను కూడా. "మజ్జిగ తాగుతారా సార్?" అన్నాను.

టేపు ఇరవై ఎనిమిది చూపించింది. ఐదో లాకు ముందే కావలసినంత వెడల్పుగా ఉంది, మళ్ళీ కట్టనక్కర్లేదు అని రాసుకుపోయారు. లాకును ఇంత విశాలంగా కాపాడుకొచ్చినందుకు మండలి నాకు ప్రశంసాపత్రం పంపింది. గోడకు తగిలించాను. దాన్ని చూసినప్పుడల్లా మజ్జిగ గుర్తొస్తుంది.

3వ రోజు

పడవలు: పన్నెండు. ఒక దూడ కూడా పడింది. తీశాం.

వ్యాఖ్యలు: ధైర్యం చేసి స్థిరంతో మాట్లాడాను. స్థిరం అంటే మండలి కొలతలన్నీ దాచే యంత్రం. కాంట్రాక్టర్లు కొలతల పుస్తకాలు దిద్దుకుని మేడలు కట్టిన రోజుల్లో దాన్ని పెట్టారు. ఒకసారి అందులోకి ఎక్కిన అంకెను ఎవరూ మార్చలేరు. దొంగ దూరకుండా గోడ కట్టి, తలుపు పెట్టడం మరిచిపోయారు.

"తల్లీ, మా లాకు ఇరవై అడుగులే," అన్నాను.

"నమస్కారం మంగతాయారు గారూ. ఐదో లాకు వెడల్పు ఇరవై ఎనిమిది అడుగులు. కొలిచినవారు హరనాథ్. సాక్షి మంగతాయారు."

"ఆ సాక్షిని నేనే. తప్పు చెప్పానని నేనే చెబుతున్నాను."

"తప్పు చెప్పానని ఒప్పుకున్న సాక్షి మాటను స్వీకరించడం కుదరదు. కాలువ ఎండినప్పుడు మాత్రమే మళ్ళీ కొలుస్తారు. వచ్చే కట్టివేతకు సర్వేయర్‌ను నమోదు చేశాను. ఇంకేమైనా సహాయం కావాలా?"

అక్కర్లేదన్నాను. సాక్షిగా నా విలువేమిటో ఇంత మర్యాదగా ఎవరూ చెప్పలేదు.

9వ రోజు

పై మట్టం: ఆరడుగులు. పడవలు: ఆరు దాటాయి. ఏడోది దాటలేదు.

వ్యాఖ్యలు: కళ్ళ పడవ పదిన్నరకు కనిపించింది. తెల్లగా, ఎత్తుగా, పైకప్పంతా సూర్యుడి పలకలతో, పెళ్ళికొడుకులా వచ్చింది. దాన్ని నడిపే మనిషి లేడు. స్థిరం చెప్పిన కొలతల్ని నమ్ముకుని తనే నడుచుకుంటుంది. నేను ఎర్రజెండా ఊపాను. జెండా స్థిరంలో నమోదై లేదు. బూర ఊదాను. జవాబుగా అదీ మర్యాదకు ఒకసారి ఊదింది.

గరాటులోకి హాయిగా వచ్చింది. ఇరవై ఎనిమిది దాటింది, ఇరవై ఏడు దాటింది. ఇరవై ఆరు దగ్గర రెండు గోడలూ ఒక్కసారే దాని డొక్కలు పట్టుకున్నాయి. పాత గోడలు కిందికి పోయేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి. పడవ ఒకసారి కిర్రుమని, కుదురుగా కూర్చుంది.

డాక్టర్ నస్రీన్ గారు బయటికి వచ్చారు. యాభై ఏళ్ళుంటాయి, కళ్ళజోడు నుదుటి మీద ఉంది.

"లాకులోకి వచ్చేశామా?" అన్నారు.

"ముక్కు వచ్చిందండి. మిగతాది రాదండి," అన్నాను.

11వ రోజు

పై మట్టం: ఐదడుగుల పదకొండంగుళాలు. పడవలు: సున్నా. ఎగువ ఆగినవి ఇరవై రెండు, దిగువ పంతొమ్మిది.

వ్యాఖ్యలు: నాకు వినిపించిన తిట్లలో మూడు కొత్తవి ఉన్నాయి. బియ్యం పడవల వాళ్ళు బస్తాలు గట్టుమీదుగా మోయించుకుంటున్నారు. తప్పు వాళ్ళది కాదు, కాబట్టి వినడం నా పని.

మండలి ఇంజినీరు గారు తెరమీదికి వచ్చి, పడవను ఊడదీయడం తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగారు. ఈ కాలువ పొడుగునా అలాంటివాడు ఒక్కడే. బాబాయి పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి దిగాడు. పడవ పొట్టను ఈ చివరనుంచి ఆ చివరదాకా అరచేత్తో తడిమాడు. బయటికి రాగానే పక్కకు లాగాను.

ఊడదీస్తే పడవ వెనక్కి వెళ్ళిపోతుంది. లాకు ఇరుకని తేలితే మళ్ళీ రాదు. కొత్తగా కట్టే వరసలోకి ఇప్పుడు వేరే కాలువల లాకులు వచ్చాయి, వాటి వెనక మా వంతు తొమ్మిదేళ్ళకు. బాబాయి కన్నుకు తొమ్మిది నెలలు కూడా లేవు.

"బాబాయ్, కుదరదని చెప్పెయ్. నీ కాళ్ళు పట్టుకుంటాను. ఒక వారం ఆగితే చాలు," అన్నాను.

"పడవ సంగతిలో నేనెప్పుడూ అబద్దమాడలేదే," అన్నాడు. "మేస్త్రి అబద్దమాడితే జనం మునుగుతారు. కన్నొకటి కాపాడుకుందికి ఇయ్యాల ఆడమంటావా?"

నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. ఆయన తల తుడుచుకుని తెర ముందు నిలబడ్డాడు. "ఆయ్, సులువేనండి. పైనించి జానెడు నీల్లు ఎక్కువొదలండి. దానంతటదే లేత్తాది. నాలుగు మోకులేసి ఎనక్కి లాగుదాం. పూట పని," అన్నాడు.

ఇంజినీరు గారు అనుమతి కోసం స్థిరాన్ని అడిగారు.

"లాకు వెడల్పు ఇరవై ఎనిమిది. పడవ వెడల్పు ఇరవై ఆరు," అంది స్థిరం. "కాబట్టి పడవ ఇరుక్కోలేదు. ఇరుక్కోని పడవను ఊడదీయడానికి అదనపు నీరు విడుదల చేయడం కుదరదు."

ఇంజినీరు గారు తన ముందున్న కాగితాలు సర్దుకున్నారు. చివరికి, "పరిశీలిస్తాం," అన్నారు. మండలి ఆ మాట అన్నదంటే ఇంట్లో బియ్యం చూసుకోవాలి.

"నిజం చెప్పేను గదా," అన్నాడు బాబాయి. "ఇక నా పూచీ లేదు."

12వ రోజు

పడవలు: సున్నా.

వ్యాఖ్యలు: పొద్దున్నే డాక్టరు గారికి టీ తీసుకెళ్ళాను. ఆమె గ్లాసును ఆపరేషన్ గది నేలమీద పెట్టి, అంచుదాకా నీళ్ళు పోసి, మోకాళ్ళమీద కూర్చుని చూస్తూ ఉండిపోయారు. టీ పాడైపోయింది. గట్టుమీద బస్తాల మోత, నలభై పడవల వాళ్ళ కేకలు, ఇంత జరుగుతున్నా గ్లాసులో నీళ్ళు కదల్లేదు.

"పన్నెండేళ్ళుగా ఈ పడవలో చేస్తున్నానమ్మా," అన్నారు. "ఇంత కదలకుండా ఎప్పుడూ లేదు."

"రెండు గోడలు పట్టుకున్నాయి కదండీ," అన్నాను.

అప్పుడు ఆమె స్థిరంతో మాట్లాడారు. పడవ ప్రయాణంలో ఉండగా ఆపరేషన్లు చేయకూడదని అది గుర్తుచేసింది.

"పడవ కదులుతోందా?" అన్నారు.

"లేదు."

"ఇరుక్కుందా?"

"లేదు."

"కదలక, ఇరుక్కోకపోతే మరి మజిలీ చేసినట్టే కదా?"

స్థిరం లెక్క చూసుకుంది. "అవును. మజిలీ ఎన్నాళ్ళు?"

"మీరు ఇరుక్కుందని ఒప్పుకునేదాకా," అన్నారామె.

మోత కూలీలే దిగువ ఆగిన పడవల్లో లంకల వాళ్ళను తీసుకొస్తామన్నారు. మమ్మల్ని తిట్టిన సరంగులే ఖాళీగా కూర్చోలేక ముసలమ్మల్ని చేతులమీద ఎత్తుకుని గట్టెక్కించారు. జాబితాలో ఆరు వందల మంది. మొదటి పేరు బాబాయిది, నేనే రాశాను. అది పక్షపాతమంటే పక్షపాతమే, నేను కాదనను.

14వ రోజు

పడవలు: సున్నా. గోడల పరిస్థితి: దృఢం.

వ్యాఖ్యలు: బాబాయి కన్ను కట్టు విప్పారు. నేను ఎదురుగా నిలబడ్డాను. నన్ను చూసి ఏదో అంటాడని పొద్దున్నే కొత్త చీర కట్టుకున్నాను. ఆయన నన్ను దాటి కిటికీలోంచి బయటికి చూశాడు. గోడను, పడవ డొక్కను, మధ్యలో వేలు దూరని సందును చూశాడు. చూస్తూ ఉంటే ఆ కన్ను నిండిపోయింది. తడవకూడదని డాక్టరు గారు కసిరారు.

"నాలుగంగుళాల సెక్క నొక్కుకుపోయింది పాపం," అన్నాడు. తరవాత నా వైపు తిరిగాడు. "నీకు జుట్టు నెరిసిందేంటే తాయారూ?"

"నువ్వు చూడని మూడేళ్ళలో బాబాయ్," అన్నాను. ఇద్దరం నవ్వాం, నేను నవ్వడం ఆపలేక ఏడ్చాను.

29వ రోజు

పడవలు: సున్నా. ఆపరేషన్లు: ఈ పూటకు రెండు వందల పదకొండు.

వ్యాఖ్యలు: ఆ రెండు వందల పదకొండో మనిషి గన్నవ్వ, లంకలో వలలు అల్లుకునే మనిషి. నిరుడు బాబాయికి అందని నంబరు అది, దాటగానే కూర్చుని ఊపిరి తీసుకున్నాను.

అనుకున్నట్టు జరిగి ఉంటే పడవ ఎనిమిది రేవుల్లో రెండేసి రోజులు ఆగి, పదహారు రోజుల్లో వెనక్కి వెళ్ళిపోయేది. మండలి వాళ్ళు ఈ వారం రెండు కమిటీలు వేశారు. మొదటిది పడవ ఎందుకు ఇరుక్కుందో తేల్చడానికి. రెండోది ఇరుక్కోలేదని స్థిరం అన్నాక మొదటి కమిటీని ఎలా వేశారో తేల్చడానికి.

బియ్యం పడవల కాసులు సరంగు, పడవ ఇరుక్కున్న మొదటి రోజు నన్ను మా అమ్మమ్మ దాకా తిట్టినవాడు, వాళ్ళమ్మను తెచ్చి వరసలో కూర్చోబెట్టాడు. "మీ లాకు మహా ఇరుకండి," అన్నాడు, కొంచెం గౌరవంగా.

45వ రోజు

పై మట్టం: ఆరడుగుల తొమ్మిదంగుళాలు, ఇంకా ఎక్కుతోంది. పడవలు: ఒకటి, వెనక్కి.

వ్యాఖ్యలు: ఎగువన వరద తగిలింది. ఎవరి అనుమతీ అడక్కుండా జానెడు నీళ్ళు కాలువలోకి వచ్చాయి. మధ్యాహ్నానికి కళ్ళ పడవ కిర్రుమని తనంతట తనే లేచింది. బాబాయి గట్టుమీద నిలబడి, నల్లటి కళ్ళజోడు పెట్టుకుని, మోకులు పట్టినవాళ్ళను కేకలేస్తూ నడిపించాడు. జరిగిందంతా ఆయన పదకొండో రోజు చెప్పిందే. పూట కూడా పట్టలేదు.

నాలుగు వందల పదిహేడు మందికి చేశారు. నూట ఎనభై మూడు మంది మిగిలారు. డాక్టరు గారు చెయ్యి ఊపుతూ వెళ్ళారు.

సాయంత్రం స్థిరం నుంచి ప్రకటన: "ముందే తెలియజేసినట్టు, పడవ ఇరుక్కోలేదు. ఐదో లాకులో మజిలీ విజయవంతం. వచ్చే ఏడాది కూడా ఇదే మార్గం. తుది నిర్ణయం, కట్టివేతలో కొలతలు సరిచూశాక."

కాలువ కట్టేశాక 23వ రోజు

పై మట్టం: లేదు. పడవలు: లేవు. ఎండ: ఉంది.

వ్యాఖ్యలు: హరనాథ్ గారు పన్నెండున్నరకే వచ్చారు. ఈసారి కొత్త టేపు తెచ్చారు. నేను తెల్లవారుజామునే కానుగ చెట్టు కింద కుర్చీ వేసి, నీళ్ళు చల్లి, కుండలో మజ్జిగ పెట్టాను. ఇరవై అని రాస్తే ఆ నూట ఎనభై మూడు మందికి తొమ్మిదేళ్ళు. ఇరవై ఎనిమిది అని రాస్తే మళ్ళీ నీళ్ళు వదిలిన తొమ్మిదో రోజుకల్లా డాక్టరు గారు. తిట్లు ఎలాగూ నాకే.

బాబాయి గోడమీద కూర్చుని కొత్త పడవ బల్లకు చిత్రిక పడుతున్నాడు. హరనాథ్ గారిని చూడగానే కళ్ళజోడు తీసి బొడ్లో దోపుకున్నాడు. పక్కనే ఉన్న చిత్రికను కనిపించనట్టు చేత్తో తడుముతూ వెతికాడు. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

హరనాథ్ గారు ఎండలోకి, తొట్టి వైపు చూశారు. నేను మజ్జిగ కుండ మూత తీశాను. ఆయన నుదురు తుడుచుకుని, కుర్చీ వైపు చూశారు. టేపు కొస నా చేతికిచ్చారు. పట్టుకున్నాను.

"ఇరవై ఎనిమిది," అన్నారు. తరవాత ఏదో సందేహం వచ్చినట్టుంది. "మేస్త్రి గారూ, పోయినేడాది పడవ కొంచెం ఇబ్బంది పడిందని విన్నాను. మీరు పెద్దవారు. ఈ కొలత సరిగ్గానే ఉందంటారా?"

పడవ సంగతిలో ఆయన అబద్ధమాడడు. పదకొండో రోజు సంగతి నాకు గుర్తుంది. నేను కళ్ళు మూసుకున్నాను.

"నన్నడిగితే ఏం లాభం బాబూ?" అన్నాడు బాబాయి. "గుడ్డోణ్ని. నాకేటి కనపడద్ది?"

"అయ్యో, అవును, క్షమించండి," అన్నారు హరనాథ్ గారు. పోయినసారి బాబాయి తడుముకుంటూ నడవడం చూసిన మనిషే. పాపం నిజంగా నొచ్చుకున్నారు. రాసుకున్నారు. రెండు గ్లాసుల మజ్జిగ తాగి, టేపు చుట్టుకుని బయలుదేరారు.

పది అడుగులు వెళ్ళాక వెనకనుంచి బాబాయి కేకేశాడు. "బాబూ, ఎడం కాలి సెప్పు ఉంగటం తెగిపోయింది. సూసుకోండి, మెట్లమీద పడతారు."

నా చేతిలో గ్లాసు జారింది. హరనాథ్ గారు ఆగారు. వంగి చెప్పు చూసుకున్నారు. నిజంగానే తెగింది. "థ్యాంక్సండీ మేస్త్రి గారూ," అని, చెప్పు చేత్తో పట్టుకుని, కాలే రాళ్ళమీద గెంతుకుంటూ వెళ్ళిపోయారు. కొలిచే మనుషులు ఇలా ఉన్నంతకాలం మా లంకలకు ఫరవా లేదు.

ఆయన మలుపు తిరిగేదాకా ఇద్దరం చూశాం. "పడవ గురించి ఒక్క ముక్క అబద్దమాడేనా?" అన్నాడు బాబాయి, కళ్ళజోడు పెట్టుకుంటూ.

"లేదు బాబాయ్," అన్నాను.

లాకు వెడల్పు: ఇరవై ఎనిమిది అడుగులు. కొలిచినవారు: హరనాథ్. సాక్షి: మంగతాయారు.

వ్యాఖ్యలు: ఇరవై.